ముప్ఫైయొక్క యేళ్ళ పైష్టి

మద్యం మాట వస్తే మన సాహిత్యంలో మూడు గొంతులే వినిపిస్తాయి. మొదటిది నీతి చెప్పే గొంతు. కచుని బూడిద కలిసిన సుర తాగి మోసపోయిన శుక్రాచార్యుడు సురాపానాన్ని మహాపాతకంగా కట్టడి చేసిన ఆదిపర్వ కథ మొదలుకొని, నేటి సినిమాలలో తెర మూలన వేసే హెచ్చరిక దాకా అదే గొంతు. రెండవది నవ్వించే గొంతు. కన్యాశుల్కంలోని సారాదుకాణం రంగం దానికి పరాకాష్ఠ. ఆ తరువాత వచ్చిన తాగుబోతు హాస్యమంతా దాని నీడలోనిదే, చాలావరకు నీడకన్నా పలచనిది. మూడవది తత్త్వం పలికే గొంతు. దువ్వూరి రామిరెడ్డిగారి ‘పానశాల’లో పాత్ర నిండా ఉన్నది కాలమూ మృత్యువూను, ద్రాక్షాసవం ఒక నెపం.

మూడు గొంతులూ బలమైనవే. అయితే ఈ మూడింటికీ నాలుక లేదు. ఆ ద్రవం నోట పడిన తరువాత తియ్యగా ఉన్నదో వగరుగా ఉన్నదో, చిక్కనో పలచనో, మింగిన తరువాత ఏమి మిగిలినదో చెప్పిన తెలుగు వాక్యం కోసం వెదికితే దొరకటం కష్టం. గోంగూర పచ్చడి మీద పది పేజీలు అవలీలగా రాయగల జాతికి ఇక్కడ మాట పడిపోతుంది.

నాలుగో గొంతు ఒకటి మనకు అవసరమని నా అభిప్రాయం. మెచ్చుకోవటానికీ కాదు, తిట్టటానికీ కాదు. రుచి చూసి, చూసినదాన్ని చూసినట్లు చెప్పటానికి. మాస్టారు ఈ వయసులో పానప్రచారానికి దిగారని మిత్రులు తొందరపడవద్దని మనవి. ఉద్యోగంలో తొలి పన్నెండేళ్ళు నెల్లూరు జిల్లా పల్లెబడులలో తెలుగు చెప్పినవాడిని. ఏ ఇంట్లో తాగుడు ముదిరిందో హాజరుపట్టీ చూసి చెప్పగలిగేవాడిని. ఆ సంగతి తరువాత రాస్తాను. అదే ఈ వాదనకు ప్రాణం కూడా.

మొదట మాటల సంగతి. మనకు మాటలు లేకపోలేదు. అమరకోశం వల్లె వేసినవారికి సుర, హాల, మదిర, వారుణి, కాదంబరి, మైరేయం, ఆసవం, సీధువు నోట ఆడుతూనే ఉంటాయి. కౌటిల్యుడు సురాధ్యక్షుడనే అధికారినే పెట్టి, ఏ మద్యానికి ఏ దినుసు ఎంత అని కొలతలు రాశాడు. మనుస్మృతి సురను మూడు తెగలు చేసింది: బెల్లంతో చేసినది గౌడి, పిండితో చేసినది పైష్టి, తేనెతోనో ఇప్పపూలతోనో చేసినది మాధ్వి. నిషేధించటానికే అయినా తేడా తెలిసి నిషేధించింది! ఇక కిణ్వమనే అమరకోశపు మాట సురను పులియబెట్టే ద్రవ్యానికి పేరు. మన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలలో కిణ్వనం, కిణ్వప్రక్రియ అనే మాటలు అక్కడినుంచి వచ్చినవే. పిల్లలు ఆ మాటను బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు గాని అది సురాభాండంలోంచి తేలి వచ్చిందని వారికి చెప్పేవారు లేరు.

ఈ లెక్కన బీరు పైష్టి. బార్లీ గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి పట్టి, వేడినీటిలో దాని తీపిని దింపి, చేదుకోసం హాప్ పువ్వులు వేసి మరిగించి, చల్లారిన తరువాత కిణ్వం కలిపినది. నేను రుచి చూసిన పైష్టి మాత్రం అంగడిలో మంచుగడ్డలా చేసి అమ్మే సరుకు కాదు. దానికొక నవల తల్లి.

ఇంగ్లీషు నవలాకారుడు థామస్ హార్డీ (1840–1928) తన ఊరు డార్చెస్టరును కథలలో కాస్టర్‌బ్రిడ్జి అని పిలిచాడు. 1880లో వచ్చిన ‘ది ట్రంపెట్ మేజర్’ నెపోలియన్ దండెత్తి వస్తాడన్న భయంతో తీరప్రాంతం వణికిన కాలపు కథ. అందులో ఒక పిండిమర ఆసామి కొడుకు పెళ్ళికని కాస్టర్‌బ్రిడ్జి గట్టి బీరు ఒక పీపాడు తెప్పిస్తాడు. (ఆ పెళ్ళి జరగదు, అది వేరే కథ.) అక్కడ హార్డీ కథను కాసేపు ఆపి ఆ బీరు రంగూ రుచీ బలమూ వర్ణించాడు. ఆ ఊరి వీధులలో తాగి పడినవాడు తాను పరాయి ఊరివాడినని రుజువు చేసుకుంటే చాలు, న్యాయాధికారులు సగౌరవంగా వదిలిపెట్టేవారని చమత్కరించాడు కూడా. కేవలం ఒక పేరా.

ఆ పేరా చదివిన తరువాత ఎనభై యేళ్ళకు పైగా ఎవరూ ఏమీ చేయలేదు. హార్డీ మరణించి నలభై యేళ్ళయిన సందర్భంగా, 1968లో, డార్చెస్టరులోని ఎల్డ్రిడ్జ్ పోప్ అనే బీరు కార్ఖానావారు ఆ పేరానే లక్ష్యంగా పెట్టుకొని ఒక బీరు తయారుచేసి దానికి ‘థామస్ హార్డీస్ ఏల్’ అని పేరు పెట్టారు. కావ్యంలోని నగను చూసి కంసాలి నగ చేయటం వంటిదే ఇది. ఆల్కహాలు దాదాపు 12 శాతం. మన దుకాణాలలో స్ట్రాంగ్ అని అమ్మేది 8 శాతం లోపే. సీసా అరచేతిలో ఇమిడేటంత. దానిమీద తయారైన సంవత్సరం ఉంటుంది, పాతిక సంవత్సరాలు నిలవ ఉంటుందన్న మాటా ఉంటుంది. డార్చెస్టరులో 1999 నాటి తయారీతో అది ఆగింది. 2003లో డెవన్ ప్రాంతంలోని ఓ’హాన్లన్స్ వారు తిరిగి మొదలుపెట్టి కొన్నేళ్ళు నడిపారు. 2012లో పేరు ఒక ఇటలీ సంస్థ చేతికి వెళ్ళి, ఆ తరువాత మళ్ళీ సీసాలు వస్తున్నాయి. అయినా తెలిసినవారు వెదికేది డార్చెస్టరు సీసాలకోసమే.

మా అమ్మాయి కాపురం దక్షిణ ఇంగ్లండులో. 2024 శరత్తులో అక్కడ ఉన్నప్పుడు పక్కింటి పెద్దమనిషి, నాలాగే విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయనది రసాయనశాస్త్రం, ఇంట్లో నేలగదిలో నిలబెట్టి ఉంచిన 1993 నాటి సీసా ఒకటి తెరుస్తూ మమ్మల్ని పిలిచారు. తెరిచిన ప్రతి సీసా గురించీ ఒక నోటుపుస్తకంలో రాసుకోవటం ఆయనకు అలవాటు. నేను భాషాపండితుడినని మా అల్లుడు చెప్పి ఉంటాడు. పుస్తకం నా ముందుకు జరిపి, ఈసారి మీ లిపిలో, మీ మాటలలో రాయండి అన్నారు. అలవాటు లేనివాడిని, రెండు చెంచాలకన్నా మించి పుచ్చుకోను అని చెప్పవచ్చు, చెప్పాను. కాని రాయలేను అని తెలుగు పండితుడు ఎలా చెప్పగలడు?

పరిమాణం చెప్పాలి. నలుగురికి ఆ బుల్లి సీసా. ఒక్కొక్కరికి మూడు నాలుగు చెంచాలు. దానికి మాకు పట్టిన కాలం గంటకు పైచిలుకు.

రంగు మొదట. దీపానికి అడ్డం పెడితే ఎర్రచందనపు చెక్కను నానబెట్టిన నీరు. దీపం తీస్తే నలుపు. నురుగు లేదనే చెప్పాలి, అంచున సన్నని జరీ గీత. అడుగున మడ్డి ఉంటుందని ఆయన చివరి వంతు సీసాలోనే వదిలేశారు. వాసన చూసి మా ఆవిడ, “ఏమండీ, ఇది పాత ఉసిరికాయ పచ్చడి జాడీ వాసన కదూ?” అన్నది. అంతకన్నా బాగా నేను చెప్పలేకపోయాను. మూడు నాలుగేళ్ళు జాడీలో ఊరి నల్లబడిన ఉసిరికాయలో పులుపు మెత్తబడి, ఒక ఘాటు, ఒక తీపి ఛాయ పుడతాయి చూడండి, అది. దాని వెనుక ద్రాక్షారిష్టం సీసా మూత తీసినప్పటి గుప్పు. ఇంకా వెనుక బీరువాలో బిగిసి ఉన్న పాత పుస్తకం.

నాలుక మీద ముందు తీపి. చక్కెర తీపి కాదు, పాకం ముదిరి అంచులు మాడబోయే సమయానికి దింపిన నల్లబెల్లం తీపి. వెంటనే ఎండు ఖర్జూరం. మూడోది చేదు, మెంతుల చేదు కాదు, వేపిన మెంతుల చేదు, ఆ తేడా మన వంటింటివారికి వివరించనక్కరలేదు. ఉప్పు వేయని పదార్థంలో ఉప్పు తోచింది. గొంతు దిగేటప్పుడు శొంఠి తాకినట్లు వేడి. అప్పటికి వగరు మిగిలింది. షడ్రసాలూ లెక్కకు వచ్చాయి. ఉగాది పచ్చడితో పోల్చటం సులువు. కాని ఉగాది పచ్చడిలో ఆరు రుచులూ ఆరు మనుషుల్లా పక్కపక్కన నిలబడతాయి, ఇక్కడ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యివేసుకొని వచ్చాయి.

ఇదంతా నోటుపుస్తకంలో పదకొండు పంక్తులు రాశాను. ఆయన అర్థం అడిగారు. నల్లబెల్లం దగ్గర ఆయనకు మాట దొరికింది. ఉసిరికాయ దగ్గర మా అల్లుడు చేతులెత్తేశాడు. ఆశ్చర్యమేమంటే ఆ పుస్తకంలో ఇంగ్లీషువారు రాసినవి కూడా ఇలాంటివే: క్రిస్మస్ నాటి పళ్ళ కేకు, చక్కెర మడ్డి, తోలు, షెర్రీ అనే స్పెయిన్ మద్యం. అంటే వారూ తమ వంటింట్లోంచీ కొట్టుగదిలోంచీ మాటలు తెచ్చుకున్నవారే. ఈమధ్య తెలుగులో ఆహారపానీయాల మీద రాసే యువకులు ఆ తోలునూ ఆ షెర్రీనీ యథాతథంగా తెలుగు లిపిలో దించుతున్నారు. షెర్రీ ముఖం ఎరగని పాఠకుడికి షెర్రీలా ఉన్నదని చెబితే చెప్పినట్లా? ఇక్కడ నాకు కోపమే వస్తుంది. పచ్చడిజాడీ ఇంట్లో పెట్టుకొని పొరుగింటి కేకు వాసన అరువు తెచ్చుకోవటమెందుకు?

ఇక పాతది కనుక గొప్పదా అన్న ప్రశ్న. చరకుడు కొత్త మద్యం బరువు చేస్తుందనీ దోషాలను రేపుతుందనీ, పాతబడినది తేలికగా, ఆకలి పుట్టించేదిగా ఉంటుందనీ అన్నాడు. పాత బియ్యం, పాత బెల్లం, పాత నెయ్యి అన్న మన లెక్కలు సరేసరి. ‘పాత చింతకాయ పచ్చడి’ అని తెలుగువాడు ఎందుకు వెక్కిరిస్తాడో నాకెన్నడూ బోధపడలేదు. పథ్యం పెట్టేటప్పుడు వెదికి తెచ్చేది ఆ పాత చింతకాయనే కదా.

బీరు అన్నింటికీ ఈ గౌరవం దక్కదు. మామూలు బీరు కొన్ని నెలలలో చప్పబడి తడి అట్టపెట్టె వాసన వేస్తుంది. దీనిని నిలబెట్టేవి మూడు: హెచ్చు ఆల్కహాలు, మిగిలిపోయిన తీపి, హాప్ చేదు. సీసాలో బతికి ఉన్న కిణ్వం లోపలి ప్రాణవాయువును కొంత తినివేసి కాపలా కాస్తుంది. ఆ కాపలా దాటి మెల్లగా చొరబడిన గాలే ఖర్జూరాన్నీ, పాత పుస్తకాన్నీ తయారుచేస్తుంది. యేళ్ళు గడిచినకొద్దీ చేదు విరిగి తగ్గుతుంది. చలి నిలకడగా ఉండాలి, వెలుతురు తగలరాదు. పాత ఇంగ్లీషు బీర్లలో పీపా చెక్కలో దాగిన మరొక కిణ్వజాతి కూడా పనిచేసేది. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాసెన్ 1904లో దానిని వివరించి బ్రెట్టనోమైసిస్ అన్నాడు. బ్రిటిష్ శిలీంధ్రం అని ఆ పేరుకు అర్థం. ఒక దేశం పేరు పెట్టుకున్న బూజు! మన దేశానికీ దీనితో చుట్టరికం ఉన్నది. 18వ శతాబ్దం చివరినాటికి లండను శివారు బో నుంచి హాడ్జ్‌సన్ కార్ఖానా నిలవ బీరు పీపాలలో ఓడలెక్కి నెలల తరబడి సముద్రం మీద ఊగి మదరాసు, కలకత్తా రేవులకు చేరేది. నేలగదిలో యేళ్ళు పట్టే ముదురుదనం ఆ ప్రయాణంలోనే వచ్చేసేదట. ఆ పీపాలు దింపిన మదరాసు కూలీలలో తెలుగువారు ఉండకపోరు. రుచి చూడనిచ్చి ఉండరు.

బర్టన్ ఊళ్ళో బాస్ కంపెనీవారు 1869లో చేసిన రాట్‌క్లిఫ్ ఏల్ సీసాలు 2006లో నేలగదిలో బయటపడినప్పుడు ఇంకా తాగదగినవిగానే ఉన్నాయి. తాగదగి ఉండటం వేరు, బాగుండటం వేరు. 1993 సీసా విషయంలో నా తీర్పు అడిగితే: లేబిలు మీది పాతికేళ్ళ మాట నిజాయితీగల మాట. ఆ ఆరేళ్ళూ ఎక్కువే. తీపి ఉన్నది, పట్టు సడలింది; నోట్లో మొదలైనంత దర్జాగా మధ్యలో నడవలేదు. చక్కని సంస్కృత సమాసంలో నడుమ ఒక పదం చెరిగిపోయినట్లు. ఇలాంటి సీసాలను వేలంలో కొని గాజు బీరువాలో పెట్టి ఎన్నటికీ తెరవనివారు ఉన్నారు. వారిని చూస్తే తాళపత్రాలను పట్టుగుడ్డలో చుట్టి పూజ చేస్తూ ఎవరినీ చదవనివ్వని ఇళ్ళు గుర్తుకు వస్తాయి.

మన కల్లు దీనికి సరిగ్గా ఎదురు. దాని ఆయుష్షు ఒక్క పగలు. తెల్లవారుజామున లొట్టి దించినప్పుడు తీపి, ఎండెక్కేసరికి పొంగు, పొద్దు వాలేసరికి పులుపు, మర్నాటికి పారబోత. 31 యేళ్ళలో పైష్టికి జరిగినది తాటికల్లుకు 12 గంటలలో జరుగుతుంది. గీతవృత్తివారికి ఆ గంటల మధ్య తేడాలన్నీ నాలుక మీద ఉంటాయి. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు, మన్యంలో జీలుగుకల్లు వేరు. పండితులమైన మాకు ఆ మాటలు రావు, మా నిఘంటువులకూ అంతగా ఎక్కలేదు.

ఇప్పుడు నెల్లూరు సంగతి. సీసా మీది 1993 అంకె చూసినప్పటినుంచీ నా మనసు అక్కడే ఉన్నది. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. అంతకు ముందు సర్కారే సారాను ప్లాస్టిక్ పొట్లాలలో పోసి ఊరూరా పారించింది. ఆ పథకానికి ‘వారుణి వాహిని’ అని పేరు. అమరకోశంలోని మాటే! ఆ పేరు పెట్టినవారు ఎవరోగాని సంస్కృతం చదువుకున్నవారే అయి ఉండాలి. కూలి ముట్టిన సాయంత్రం మనిషి పొట్లం మూల పంటితో కొరికి, తల వెనక్కి వాల్చి, గొంతులోకి పిండుకొనేవాడు. ఎందుకలా? నాలుకకు తగలకూడదని. అంత అధ్వాన్నపు రుచి. ముఖం చిట్లించుకొని మింగి, ఖాళీ పొట్లం విసిరి, రెండోది కొరికేవాడు. మా బడి ప్రహరీ పక్కన ఆ పొట్లాలు గుట్టలు పడేవి. నా తరగతిలో మంచి చేతిరాత గల పిల్ల ఒకతె పలక అమ్ముడుపోయి బడి మానేసింది. పలక ఖరీదు ఎంతని!

దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యతా వాచకంలో పాఠం చదువుకొని, అందులోని తాగుబోతు ఇల్లు తమ ఇల్లేనని గుర్తుపట్టి, దుకాణం మూయించారు. అది 1992 నాటికి జిల్లాలను దాటింది. వాచకంలో ఒక పాఠం ప్రభుత్వాన్ని కదిపిన సందర్భం తెలుగు మాస్టరు జీవితంలో మళ్ళీ వస్తుందా? 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు తరువాతి కథ. డార్చెస్టరులో ఒక పేరా నుంచి ఒక బీరు పుట్టింది. దూబగుంటలో ఒక పాఠం వల్ల సారాదుకాణం మూతపడింది. రెండింటినీ నేను అక్షరాల ఖాతాలోనే జమ వేసుకుంటాను. వాటి మధ్య నాకు వైరుధ్యం తోచలేదు. పొట్లం నాలుకను తప్పించుకొని పోయే వస్తువు. దాని గురించి రుచి మాట అడిగితే తాగేవాడు కూడా నవ్వుతాడు. రుచి చూసేవాడు నాలుగు చెంచాలకు గంట కూర్చోవాలి. నాలుకను తప్పిస్తే గంటకు పది పొట్లాలు దిగుతాయి. మంచుగడ్డలా చల్లబరచి నాలుకను మొద్దుబార్చి గటగటా తాగించే నేటి సీసాలు, పొట్లం సంస్కృతికి దగ్గరి చుట్టాలేనని నా అనుమానం.

హార్డీకి రెండు గొంతులూ ఉన్నాయి. ఆ బీరును మెచ్చిన చేతితోనే ఆయన 1886లో ‘ది మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జి’ రాశాడు. అందులో హెంచర్డ్ అనే గడ్డికోత కూలీ సంతలో రమ్ము కలిపిన గోధుమ జావ తాగి, మత్తులో భార్యనూ చంటిబిడ్డనూ అయిదు గినీలకు ఒక నావికుడికి అమ్మేస్తాడు. తెల్లవారి తన వయసెంతో అన్నేళ్ళు, 21 యేళ్ళు, మద్యం ముట్టనని ఒట్టు పెట్టుకుంటాడు. గమనించండి, ఆ జావ రుచి ఎలా ఉందో అతనికి పట్టలేదు. అందులో పోసిన రమ్మే పట్టింది. అదే ఊరు, అదే రచయిత. నీతి వచ్చి రుచి నోరు మూయలేదు, రుచి వచ్చి నీతిని దబాయించలేదు. మన రచయితలకు ఈ రెండో చెయ్యి ఎందుకు రాలేదన్నదే నా ఫిర్యాదు.

మాటలు తయారు చేసుకోవటం కష్టం కాదు. ఇంగ్లీషువారు మింగిన తరువాత మిగిలే రుచికి ఒక ప్రత్యేకమైన మాట వాడతారు. పక్కింటాయన దానికి తెలుగేమిటని అడిగినప్పుడు నాకు వెదుకులాట లేకుండా దొరికింది. ఆయుర్వేదంలో అనురసం అని ఉన్నది: ముందు స్పష్టంగా తెలిసేది రసం, వెనుక సన్నగా తోచేది అనురసం. నోటుపుస్తకంలో చివరి పంక్తి అదే రాశాను: అనురసం, వగరు, పేలాలు మాడిన వాసన, చాలాసేపు ఉన్నది.

గీతకార్మికుల ఇళ్ళలో పుట్టినవారు, మన్యంలో పనిచేసినవారు మన బ్లాగ్మిత్రులలో కొందరున్నారని ఎరుగుదును. లొట్టి దించిన వేళను బట్టి, చెట్టును బట్టి, ఋతువును బట్టి కల్లుకు మీ వైపు ఏయే మాటలు వాడతారో, పులుపులో ఎన్ని రకాలున్నాయో దయచేసి వ్యాఖ్యలలో రాయండి. జిల్లా పేరుతో సహా రాస్తే అకారాదిగా కూర్చి ఇక్కడే పెడతాను. తాగనివారు కూడా రాయవచ్చు. వాళ్ళ ముక్కులు బాగా పనిచేస్తాయని మా ఆవిడ రుజువు చేసింది.